పంటి వైద్యానికీ అదునుంది

రాత్రి పది దాటాక మొదలవుతుంది ఆ సలపరం. పడుకుంటే ఎక్కువ, లేచి కూర్చుంటే కాస్త నయం. లవంగ నూనెలో ముంచిన దూది పెట్టినా, ఉప్పునీళ్లు పుక్కిలించినా, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర వేసుకున్నా తెల్లవార్లూ జాగారమే. అలా మూడు నాలుగు రోజులు గడిచాక ఒక పొద్దున నొప్పి ఉన్నట్టుండి మాయమవుతుంది. చల్లనీళ్లు తాగినా జివ్వుమనదు. దానంతటదే తగ్గిపోయిందిలే అనుకుని డాక్టరు దగ్గరికి వెళ్లే ఆలోచన మానుకుంటాం.

నిజానికి తగ్గిందేమీ లేదు. పంటి లోపలి నరం చచ్చిపోయింది. పంటి నడుమ రక్తనాళాలు, నరాలు కలిసి ఉండే మెత్తటి కణజాలం ఉంటుంది. డాక్టర్లు దాన్ని పల్ప్ అంటారు. దాని చుట్టూ అన్నీ గట్టి గోడలే. ఒంట్లో ఇంకెక్కడ వాచినా చర్మం సాగి చోటిస్తుంది. ఇక్కడ వాపుకి చోటే లేదు, అందుకే అంత నొప్పి. ఒత్తిడికి రక్తప్రసరణ ఆగిపోయి నరం చచ్చాక నొప్పి తెలియదు. బ్యాక్టీరియా మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. వేరు కొసనున్న సన్నటి రంధ్రం గుండా దవడ ఎముకలోకి దిగుతుంది. కొన్ని నెలలకో, ఏడాదికో అది చీముగడ్డై బయటపడుతుంది. అప్పుడు యాంటీబయాటిక్ మింగినా అది చచ్చిన పల్ప్ దాకా చేరదు. రక్తం వెళ్లని చోటికి మందెలా వెళుతుంది? వాపు తీస్తుంది, మూలం అక్కడే ఉంటుంది.

దంతవైద్యమనే ఇంత పెద్ద శాస్త్రం మన పక్క వీధిలోకే వచ్చి కూర్చున్నా మనం ఇంకా పళ్లు పోగొట్టుకుంటున్నామంటే, అందుకు పెద్ద కారణం అదును తప్పడమే. పంటి మీద నల్లటి చుక్క ఉన్నప్పుడే వెళితే ఒక పూటలో సిమెంటు పెట్టి పంపిస్తారు. చల్లటిది తగిలితే క్షణంపాటు జివ్వుమని ఆగిపోతున్నా చాలావరకు ఇంకా ఆ దశే. ఏమీ తినకుండానే, తాగకుండానే నిమిషాల తరబడి నొప్పి వస్తోందంటే రూట్ కెనాల్‌కి వచ్చినట్టు. దాన్నీ వాయిదా వేస్తే పన్ను నిలువునా విరగొచ్చు, అప్పుడు పీకక తప్పదు. పీకాక ఆ ఖాళీలో కొత్త పన్ను నిలపాలంటే బ్రిడ్జో ఇంప్లాంటో వేయాలి. పన్ను అదే. ఆలస్యమైన కొద్దీ డాక్టరు మారతారు, ఖర్చు పెరుగుతుంది, చేతికొచ్చే ఫలితం మాత్రం తగ్గుతూ పోతుంది.

తొమ్మిది గదులు

కలకత్తాలో 1920లో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ దంతవైద్య కళాశాల తెరిచినప్పుడు మన దేశంలో ఈ చదువుకి అదే మొదలు. హైదరాబాద్‌లో ఉస్మానియా ఆసుపత్రి పక్కన అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ 1959లో వచ్చింది. ఇలాంటి ఏ డెంటల్ కాలేజీకి వెళ్లినా ఓపీ చీటీ తీసుకోగానే ముందు పంపేది ఓరల్ మెడిసిన్ విభాగానికి. అక్కడ నోరంతా చూసి, ఎక్స్‌రే తీసి, ఏ గదికి వెళ్లాలో చీటీ మీద రాస్తారు. బీడీఎస్ తర్వాత మూడేళ్ల ఎండీఎస్ చేసేవి మన దేశంలో తొమ్మిది శాఖలు. పుచ్చుపళ్లకు, రూట్ కెనాల్‌కు ఎండోడాంటిక్స్. చిగుళ్లకు పెరియోడాంటిక్స్. పోయిన పళ్ల చోట కొత్తవి పెట్టేది ప్రోస్థోడాంటిక్స్. ఎత్తుపళ్లు, వంకరపళ్లు సరిచేసేది ఆర్థోడాంటిక్స్. పిల్లల పళ్లకు పీడోడాంటిక్స్. దవడలకు, ముఖ ఎముకలకు మాక్సిల్లోఫేషియల్ సర్జరీ. ముక్క తీసి పరీక్షించేది ఓరల్ పాథాలజీ. ఊళ్ల స్థాయిలో నివారణ చూసేది పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ. మొదట చెప్పిన ఓరల్ మెడిసిన్‌తో కలిపి తొమ్మిది.

ఊళ్లో ఉన్న బీడీఎస్ డాక్టరు వీటిలో చాలా పనులు చేయగలరు, చేస్తున్నారు కూడా. ప్రతి దానికీ స్పెషలిస్టు దగ్గరికి పరుగెత్తాల్సిన పనిలేదు. కానీ ఏ ఇబ్బందికి ఎవరున్నారో తెలియకపోవడం వల్ల జరిగే నష్టం తక్కువేమీ కాదు. ముఖం కడుక్కున్నా, బ్రష్ చేసుకున్నా కరెంటు షాకు కొట్టినట్టు కొన్ని క్షణాలు చెంపలో మెరిసి పోయే నొప్పి ఒకటుంది. ట్రైజెమినల్ న్యూరాల్జియా అంటారు. అది పంటినొప్పి కాదు, ముఖానికి స్పర్శనిచ్చే నరానిది. అది తెలియక ఒక పన్ను, దాని పక్క పన్ను, ఆ పక్కది పీకించుకుంటూ పోయినవాళ్లున్నారు. నొప్పి మాత్రం అలాగే ఉంటుంది. దానికి మొదట ఇచ్చేది మూర్ఛరోగానికి వాడే మాత్రే. ఓరల్ మెడిసిన్ గదిలో పావుగంట కూర్చుని చెప్పుకుని ఉంటే ఆ పళ్లన్నీ దక్కేవి.

వేరు లోపలి పని

రూట్ కెనాల్ పేరు చెబితేనే జనం జడుస్తారు. ఆ భయం వెనక పాతరోజుల అనుభవాలున్నాయి, వాటిని కొట్టిపారేయలేం. అయితే ఇప్పుడు మత్తు సరిగా ఎక్కాక అందులో నొప్పి దాదాపు ఉండదు. ఉన్నదల్లా ఓపిక పరీక్ష. అసలు ఏం చేస్తారో తెలిస్తే ఆ ఓపిక కూడా కాస్త వస్తుంది.

పన్నుకి ముందు పలచటి రబ్బరు తెర బిగిస్తారు. రబ్బర్ డ్యామ్ అంటారు. ఆ ఒక్క పన్నే తెరలోంచి పైకి వస్తుంది, నాలుక, చెంప, ఉమ్మి అన్నీ అవతల ఉండిపోతాయి. ఉమ్మిలోని బ్యాక్టీరియా లోపలికి పోకుండా, లోపల వాడే మందు గొంతులోకి జారకుండా ఈ ఏర్పాటు. తర్వాత పంటి నెత్తి మీద చిన్న దారి చేసి, వేళ్లలోని కాలువల నోళ్లు వెతుకుతారు. పై మొదటి దవడ పన్నుకి సాధారణంగా వేళ్లు మూడు. కాలువలు మాత్రం తరచు నాలుగుంటాయి. ఆ నాలుగోది కంటికి ఆనదు. అది వదిలేస్తే మిగతా మూడూ ఎంత బాగా శుభ్రం చేసినా మళ్లీ వాపు రావచ్చు. నాలుగో కాలువ కోసమే చాలామంది ఎండోడాంటిస్టులు మైక్రోస్కోపు పెట్టుకుంటారు.

దారి దొరికాక మొదట దింపే ఫైలు కొస మందం మిల్లీమీటరులో పదో వంతు. వేరు కొసకి ఎంత దూరం ఉందో ఒక చిన్న యంత్రం చెబుతుంది. కొస దగ్గర పడేకొద్దీ బీప్ శబ్దం మారుతుంది. కొస దాటితే ఎముకలో గుచ్చుకుంటుంది, ముందే ఆగితే మలినం మిగులుతుంది. ఫైళ్లు పనిచేస్తుంటే నడుమ నడుమ సోడియం హైపోక్లోరైట్‌తో కడుగుతారు. ఫైలు తాకని మూలల్లోని మురికిని కరిగించేది ఆ ద్రవమే. అసలు శుద్ధి చేసేదీ అదే. చివరికి గుట్టాపెర్చా అనే పదార్థంతో కాలువ పూడ్చేస్తారు. అది ఆగ్నేయాసియా అడవుల్లో ఒక చెట్టు పాల నుంచి వచ్చే జిగురు, దాదాపు రబ్బరుకి చుట్టం.

ఇక్కడితో అయిపోయిందనుకుని లేచిపోయేవాళ్లే ఎక్కువ. పన్ను మీద తొడిగే క్యాప్ తర్వాత వేయించుకుందామని వాయిదా వేస్తారు. పుచ్చు వల్ల సగం పోయి, దారి చేయడంలో ఇంకొంత పోయి మిగిలిన దవడ పన్ను డొల్లగా ఉంటుంది. ఏ జంతికో, వేయించిన శనగలో నమిలినప్పుడు నిలువునా చీలుతుంది. అలా వేరు దాకా చీలాక దాన్ని ఎవరూ నిలపలేరు. రూట్ కెనాల్ బాగా జరిగి, క్యాప్ లేక పోయిన పన్నంత బాధాకరమైనది ఇంకొకటి లేదని నా అభిప్రాయం. వేలు ఖర్చుపెట్టి, ఓపికపట్టి, చివరి మెట్టు దగ్గర జారవిడుచుకోవడం అది.

చిగురు వేసే ముందస్తు కేక

పుచ్చు నొప్పిపెట్టి చెబుతుంది. చిగురు జబ్బు చాలాకాలం నొప్పే పెట్టదు. పొద్దున్నే ఉమ్మిలో కాస్త ఎర్రదనం, కుళాయి దగ్గర బ్రష్ మీద రక్తపు చార, ఇంట్లోవాళ్లు మొహమాటపడి చెప్పే నోటి వాసన. ఇవే దాని కేకలు. చిగుళ్లంచున చేరే పాచి ఉమ్మిలోని లవణాలతో గట్టిపడి గార అవుతుంది. గారని బ్రష్ వదిలించలేదు. దాని కింద బ్యాక్టీరియా పెరుగుతుంటే చిగురు వాచి, లోపల ఎముక కరుగుతూ పోతుంది. ఏటిగట్టు కోసుకుపోతుంటే మొదలు పచ్చగానే ఉన్న చెట్టు ఒరిగినట్టు, ఒక్క పుచ్చు కూడా లేని పన్ను కదిలి చేతికొస్తుంది. బీడీ, సిగరెట్ తాగేవాళ్లలో ఇంకో మోసముంది. చిగుళ్లకు రక్తప్రసరణ తగ్గి రక్తం కారదు కాబట్టి జబ్బున్నా పైకి ఏమీ తెలియదు.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని, సందులొస్తాయని చాలా ఇళ్లలో గట్టి నమ్మకం. ఆ సందులు ఎప్పుడో వచ్చాయి. ఎముక కరిగిన చోటంతా గార పూడుకుని ఉంది, అది తీయగానే సందు కనిపించింది. పళ్లను అప్పటిదాకా గారే పట్టి ఉంచిందన్నట్టు కనిపించినా, వాటిని వదులు చేసింది ఆ గారే. పెరియోడాంటిస్టు ఒక సన్నటి కొలత పుల్లతో చిగురుకీ పంటికీ నడుమ లోతు చూస్తారు. మూడు మిల్లీమీటర్ల లోపుంటే ఆరోగ్యం. అంతకు మించి లోతు పెరిగేకొద్దీ వేరు దాకా శుభ్రం చేయడం, ఇంకా ముదిరితే చిగురు తెరిచి ఫ్లాప్ సర్జరీ చేయడం, కొన్నిచోట్ల ఎముక పొడి నింపడం దాకా వెళుతుంది.

షుగర్ ఉన్నవాళ్లు ఈ పేరా కాస్త నిదానంగా చదవాలి. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది. చిగుళ్ల జబ్బు ముదిరితే షుగర్ అదుపు తప్పుతుంది. ఇది రెండు వైపులా నడిచే సంబంధమని పరిశోధనలు చెబుతున్నాయి. చిగుళ్లకు సరైన వైద్యం చేయించుకున్న మధుమేహ రోగుల్లో మూడు నాలుగు నెలలకు, సగటు షుగర్ స్థాయిని చూపే హెచ్‌బీఏ1సీ సగటున 0.4 శాతం దాకా తగ్గినట్టు తేలింది. కళ్లు, కాళ్లు, కిడ్నీలు చూపించుకోమని చెప్పే ప్రతి షుగర్ డాక్టరూ చిగుళ్లు కూడా అన్న మాట చేర్చాలి.

ఆరో ఏట వచ్చే పన్ను

పాలపళ్లే కదా, ఊడిపోయేవే కదా అంటాం. చివరి పాలపన్ను ఊడేది పది పన్నెండేళ్లకు. అంతవరకు పిల్లవాడు వాటితోనే నమలాలి, మాట్లాడాలి, కింద పుట్టుకొచ్చే పన్నుకి అవే చోటు కాపాడాలి. దవడ పాలపన్నుని ముందే పీకేస్తే అటూ ఇటూ ఉన్నవి ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, తర్వాత వచ్చేది దారి లేక అడ్డంగా వస్తుంది. అందుకే పిల్లల దంతవైద్యులు పాలపంటికి కూడా నరం చికిత్స చేసి స్టీలు క్యాప్ వేస్తారు. పీకక తప్పనప్పుడు స్పేస్ మెయింటెయినర్ అనే చిన్న తీగ అమర్చి చోటు నిలుపుతారు.

తల్లిదండ్రులు అస్సలు గుర్తించని పన్ను ఒకటుంది. దాదాపు ఆరేళ్లప్పుడు, పాలపళ్ల వరస చివర, ఏ పన్నూ ఊడకుండానే మొదటి శాశ్వత దవడ పన్ను వస్తుంది. ఏదీ ఊడలేదు కాబట్టి అదీ పాలపన్నే అనుకుంటాం. పుచ్చినా ఊడిపోయేదేగా అని వదిలేస్తాం. అది మాత్రం జీవితాంతం ఉండాల్సింది. నమిలే పనిలో పెద్ద భారం మోసేది అదే. దాని నెత్తి మీది సన్నటి గాడుల్లో అన్నం మెతుకు కూరుకుంటే బ్రష్ వెళ్లదు. వచ్చిన కొత్తలోనే ఆ గాడులను సీలెంట్ అనే పూతతో మూయిస్తే సరి. నొప్పి లేదు, సూది లేదు, నిమిషాల పని. నోట్లో పాలసీసాతో నిద్రపుచ్చడం మానాలి. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆ తర్వాత ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు.

బడిలో ఆడుకుంటూ పడి ముందు పన్ను ఊడి చేతికొస్తే, అది శాశ్వత పన్నయితే, మళ్లీ అతుకుతుందని ఎంతమందికి తెలుసు? వేరు భాగం ముట్టుకోకుండా పై భాగం పట్టుకోవాలి. మట్టి అంటితే ఒకసారి కడిగితే చాలు, తోమకూడదు. చల్లటి పాలలో వేసి గంటలోపు, వీలైతే అరగంటలోపు డాక్టరు దగ్గరికి చేర్చాలి. ప్రతి బడి ఆఫీసు గది గోడ మీద రాసి పెట్టాల్సిన విషయమిది. పాలపన్నయితే మాత్రం తిరిగి పెట్టకూడదు, కింద పెరుగుతున్నదానికి దెబ్బ.

క్లిప్పుల సంగతికొస్తే, వాటికీ వయసుతో పనుంది. తీగ నెమ్మదిగా నెడుతుంటే పంటికి ఒక పక్క ఎముక కరుగుతుంది, రెండో పక్క కొత్తది పుడుతుంది. అలా నెలకు దాదాపు మిల్లీమీటరు చొప్పున పన్ను జరుగుతుంది. అందుకే ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. పెళ్లిచూపులు పెట్టుకుని నెల ముందు వచ్చి అడిగితే ఏ ఆర్థోడాంటిస్టూ ఏమీ చేయలేరు. పంటి వరస పెద్దయ్యాక కూడా సరిచేయొచ్చు. కింది దవడే వెనక్కి ఉంటే మాత్రం పిల్లలు ఎదిగే వయసులోనే దాన్ని ముందుకు తెచ్చే పరికరాలు పనిచేస్తాయి. ఆ వయసు దాటితే ఆపరేషనే. చికిత్స పూర్తయ్యాక పళ్లను అక్కడే పట్టి ఉంచే రిటైనర్ పెట్టుకోకపోతే పళ్లు పాత చోటికి పోతాయి. పిల్లలకు ఈ ఒక్క మాట గట్టిగా చెప్పి తీరాలి.

అడ్డపొగ మిగిల్చిన మచ్చలు

శ్రీకాకుళం, విశాఖ తీరపు ఊళ్లలో చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగే అలవాటు తరాలుగా ఉంది. అడ్డపొగ అంటారు. ఎక్కువగా ఆడవాళ్లు. గాలికి ఆరదు, పని చేసుకుంటూనే తాగొచ్చు. ఆ నిప్పు వేడి, పొగ నేరుగా అంగిటికి తగులుతాయి. 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వచ్చిన ఒక అధ్యయనం ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది పల్లెవాసుల అంగిళ్లను పరిశీలించింది. డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, మన దేశానికి చెందిన మెహతా బృందం చేసిన పని అది. గట్టి అంగిటి క్యాన్సర్ మిగతా ప్రపంచంలో అరుదు. ఆ జబ్బు ఎలా మొదలవుతుందో, తెల్లమచ్చ ఎలా ఎరుపెక్కుతుందో వైద్యలోకానికి తెలిసిందంటే, ఆ జ్ఞానంలో కొంత మన తీరపు పల్లెల అవ్వల నోళ్లు చూసి నేర్చుకున్నది. ఆ రుణం మనం తీర్చలేదు. వాళ్ల ఊళ్లకు నోరు తెరిపించి చూసే శిబిరాలు ఇప్పటికీ ఎన్ని వెళ్లినా తక్కువే.

పట్నాల్లో ఆ చోటుని గుట్కా, ఖైనీ, వక్కపొడి తీసుకున్నాయి. ముందు కారం తగిలితే మంట. తర్వాత బుగ్గలు లోపల తెల్లబారి బిగుసుకుంటాయి. నోరు మూడు వేళ్లు పట్టేంత తెరుచుకోవాలి. రెండు వేళ్లకు, ఒక వేలికి తగ్గుతూ వస్తుంది. సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అనే ఈ జబ్బుకి సూదిమందులు, వ్యాయామాలు, ఆపరేషన్ ఉన్నాయి కానీ బిగిసిన కండని పూర్తిగా మునుపటిలా చేయగల మందు లేదు. వక్క మానడమే మొదటి వైద్యం. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఓపీలో కూర్చుని గారె ముక్క కూడా నోట్లో పెట్టుకోలేకపోతున్నామని చెబుతుంటే వినడం కష్టం.

నోట్లో ఏ పుండైనా రెండు వారాల్లో మానాలి. మానలేదంటే, నొప్పి ఉన్నా లేకున్నా, చూపించుకోవాలి. అనుమానముంటే చిన్న ముక్క తీసి ఓరల్ పాథాలజిస్టుకు పంపుతారు. రోగి ముఖం కూడా చూడని ఆ డాక్టరు మైక్రోస్కోపు కింద చెప్పే మాట మీదే ఆపై వైద్యమంతా నడుస్తుంది. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్నది వట్టి అపోహ. దాని వల్ల పోయిన నెలలే ప్రాణం తీస్తాయి.

నీళ్లలో ఉన్న జబ్బు

మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలి శాస్త్రీయ నివేదిక 1937లో వచ్చింది, నాటి నెల్లూరు జిల్లా నుంచి. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆ జబ్బుకి మారుపేరుగా నిలిచింది నల్గొండ. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు. వేరే నీరు దొరకనప్పుడు గరిష్ఠంగా 1.5 దాకా ఒప్పుకుంటారు. బోరు లోతుకి దిగేకొద్దీ ఆ హద్దు దాటిన ఊళ్లెన్నో. పళ్లు చిగురు కిందే తయారవుతున్న వయసులో, అంటే ఎనిమిదేళ్లలోపు ఆ నీళ్లు తాగితే పింగాణీ పొర సరిగా గట్టిపడదు. తెల్ల చారలు, ముదిరితే గోధుమ రంగు మచ్చలు, గుంటలు. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టి దానికి నల్గొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. ఆ పేరు ఆఫ్రికా దేశాల దాకా వెళ్లింది. ఊళ్లకు నదీజలాలు రావడం మొదలయ్యాక పుట్టిన పిల్లల పళ్లలో మార్పు కనబడుతోంది. వేయి క్లినిక్కులు చేయలేని పని ఒక మంచినీటి పైపు చేస్తుంది. పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ అనే శాఖ అవసరం ఇక్కడే తెలుస్తుంది.

మచ్చలున్న పళ్లతో పెద్దవాళ్లైన తరానికి కూడా వైద్యముంది. మచ్చ పైపైనే ఉంటే ఆ పొరని సూక్ష్మంగా అరగదీస్తారు, బ్లీచింగ్ చేస్తారు. లోతుగా ఉంటే పలచటి వెనీర్ అతికిస్తారు. నవ్వు రాకుండా పెదవి బిగబట్టుకుని పెరిగిన ఆడపిల్లకు, ఇంటర్వ్యూలో నోటికి చేయి అడ్డం పెట్టుకునే కుర్రాడికి ఇది సోకు కాదు.

అన్నీ పోయాక వచ్చే పళ్లు

కట్టుడు పళ్ల సెట్టు తయారీలో నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం మైనం సెట్టు నోట్లో పెట్టి చూసే రోజు. అంతకు ముందు రెండు దఫాలుగా దవడల అచ్చు తీసి, పై దవడకీ కింది దవడకీ ఉండాల్సిన ఎడం కొలిచి, మైనంలో పళ్లు అమర్చి తెస్తారు. ఇక ప్రోస్థోడాంటిస్టు పెద్దాయన ఎదురుగా కూర్చుని అక్షరాలు పలకమంటారు. ‘మ’ అని ఆపమంటే పెదవులు కలవాలి, లోపల పళ్లు మాత్రం కలవకూడదు. కలిశాయంటే సెట్టు ఎత్తు ఎక్కువైందన్నమాట. ‘ఫ’, ‘వ’ అంటే పై ముందు పళ్ల అంచు కింది పెదవిని తాకీ తాకనట్టు తాకాలి. ‘స’ అంటే పై వరస, కింది వరస దగ్గరికొచ్చి తగలకుండా ఆగాలి, గాలి సరిగ్గా సందులోంచి పోవాలి. ఈల వస్తే ఇంకా సరిచేయాలి. ‘త’, ‘ద’ బరువుగా వస్తుంటే అంగిటి పలక మందమైనట్టు. అంతా కుదిరాకే మైనం తీసేసి యాక్రిలిక్‌లో పోత పోస్తారు. ఒక్క పూటలో, ఏ అచ్చూ లేకుండా, ప్లాస్టిక్ పిండి నేరుగా చిగురు మీద అద్ది పక్క పళ్లకు తీగ కట్టి పంపే రోడ్డుపక్క పళ్లకూ దీనికీ తేడా ఇదే. ఆ పళ్ల కింద శుభ్రం చేసుకునే వీలుండదు. ఉన్న మంచి పళ్లు కూడా వాటితో పోతాయి.

పీకిన చోట దవడ ఎముక కరుగుతుంది, ఎక్కువ భాగం మొదటి ఏడాదిలోనే. ఇంప్లాంట్ ఆలోచన ఉంటే ఆ సంగతి పీకించుకునే రోజే డాక్టరుతో మాట్లాడాలి. ఇంప్లాంట్ అంటే ఎముకలో నాటే టైటానియం మర. స్వీడన్‌కు చెందిన బ్రోనెమార్క్ 1950ల్లో కుందేలు కాలి ఎముకపై రక్తప్రసరణ పరిశోధిస్తుండగా, తాను అమర్చిన టైటానియం గొట్టం ఎముకతో ఏకమైపోయి ఊడిరాలేదు. 1965లో తొలి రోగికి పళ్లు పెట్టారు. ఎముక దాన్ని పట్టుకోవడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు ఆగి, తర్వాత పైన పన్ను బిగిస్తారు. పొగ తాగేవాళ్లకు, షుగర్ అదుపులో లేనివాళ్లకు అది విఫలమయ్యే అవకాశం ఎక్కువ.

2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయిన రోజులు గుర్తున్నాయా? ప్రాణాలు దక్కించుకోవడానికి పై దవడ తీయించుకున్నవాళ్లు ఎందరో. నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చేవి, మాట ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆబ్టురేటర్ అనే పలకతో అంగిట్లో మిగిలిన రంధ్రం మూసి, దానికే పళ్లు అమర్చి వాళ్లను మళ్లీ నలుగురితో కూర్చుని అన్నం తినేలా చేసింది ప్రోస్థోడాంటిస్టులే. వాళ్ల కృషి గురించి రావాల్సినంత రాలేదు.

కోత అవసరమైనప్పుడు

పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందన్న భయం ఇంకా పోలేదు. కంటిచూపు నరం వేరు, పంటి నరం వేరు. మెదడు నుంచి బయల్దేరే పన్నెండు జతల్లో చూపుది రెండోది, పంటిది ఐదోది. పీకేటప్పటి నొప్పికి మత్తుంది, ఆ మత్తు విషయంలో లోకం దంతవైద్యులకు ఎంతో రుణపడి ఉంది. 1844లో హోరేస్ వెల్స్ అనే అమెరికా దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడ్ పీల్చి తన పన్నే పీకించుకుని చూశాడు.

అడ్డం తిరిగిన జ్ఞానదంతాలు, బైకు ప్రమాదాల్లో విరిగిన దవడలు, గడ్డలు, క్యాన్సర్ అన్నీ మాక్సిల్లోఫేషియల్ సర్జన్ పనే. కింది దవడ పంటి వాపు గడ్డం కిందికి రెండు వైపులా పాకి, మింగడం కష్టమై, నాలుక పైకి లేస్తుంటే క్లినిక్కు తెరిచేదాకా ఆగకూడదు. శ్వాస ఆగిపోయే ప్రమాదం. నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకే.

శాఖలన్నీ ఒకే బిడ్డ చుట్టూ చేరే సందర్భం గ్రహణమొర్రి. గ్రహణం వల్ల వచ్చేది కాదు, తల్లికి ఏ నిందా వద్దు. పుట్టిన మూడు నుంచి ఆరు నెలల మధ్య పెదవి, ఏడాది అటూ ఇటూగా అంగిలి కుడతారు. మాట రావడానికి స్పీచ్ థెరపీ, ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య చిగురు ఎముకలో అతుకు, ఆపై క్లిప్పులు, అవసరమైతే దవడ ఆపరేషన్. పెదవి కుట్టాక ముఖం బాగుపడిందని ఇక రావడం మానేసే కుటుంబాలే ఎక్కువ. ఆ పిల్లలకు మాట ముక్కుతోనే ఉండిపోతుంది.

వెళ్లే ముందు

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం భూమ్మీద దాదాపు 350 కోట్ల మందికి ఏదో ఒక నోటి జబ్బుంది. మన దగ్గర ఎక్కువ ఆరోగ్య బీమా పాలసీలు ప్రమాదంలో దెబ్బతిన్న పళ్లకు తప్ప మామూలు పంటి వైద్యానికి డబ్బివ్వవు. ఈ తీరు మారాలని అడగాల్సిందే. ఈలోగా చేతిలో డబ్బు లేనివాళ్లకు డెంటల్ కాలేజీలే దిక్కు. విద్యార్థులు చేస్తారు, అధ్యాపకులు దగ్గరుండి చూస్తారు. సిటింగులు ఎక్కువ పడతాయి, పని మాత్రం పుస్తకంలో ఉన్నట్టు జరుగుతుంది.

కుర్చీలో కూర్చునే ముందు కొన్ని సంగతులు దాచకుండా చెప్పాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. ఎముకలు గుల్లబారకుండా వాడే మందులు, క్యాన్సర్ కోసం ఎక్కించుకున్న ఎముకల ఇంజెక్షన్లు కూడా చెప్పాలి, ఎందుకంటే వాటివల్ల పన్ను తీసిన చోట దవడ ఎముక మానకపోవచ్చు. గర్భిణులకు నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పంటి వైద్యం సులువు, అత్యవసరమైతే ఎప్పుడైనా చేస్తారు. గుండె కవాటం మార్పించుకున్నవాళ్లకు పన్ను తీసే ముందు యాంటీబయాటిక్ ఇవ్వాల్సి ఉంటుంది కాబట్టి ఆ ఆపరేషన్ ఫైలు వెంట తీసుకెళ్లాలి.